వచ్చి నాలుగు నెలలైనా కొత్త ఊరు మనదనిపించకపోతే ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. మీ ఆయన ఉద్యోగం కోసం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం వచ్చేశారు. మీరు పాత ఉద్యోగాన్నే ఇంటి నుంచి చేస్తున్నారు. నాలుగు నెలలైంది. ఇల్లు బాగుంది, ఊరు బాగుంది, చూడాల్సినవన్నీ చూసేశారు. అయినా ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంది. ఆదివారం మధ్యాహ్నమైతే ఊపిరాడదు. మీ ఆయన మాత్రం హాయిగా ఉన్నారు, అది చూస్తే ఇంకా ఒళ్ళు మండుతోంది. తిరిగి వెళ్ళిపోవాలా, ఇంకొన్నాళ్ళు చూడాలా?

సూటిగా చెప్తాను. ఇప్పుడే వెళ్ళకండి. నాలుగో నెలలో ఏ ఊరి మీదా తీర్పు చెప్పకూడదు. ఈలోగా ఊరు చూడటం మానేసి, రెండు మూడు చోట్లు ఎంచుకుని, వాటికే, అదే వేళకి, మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. కొత్త ఊళ్ళో కుదురుకోవడానికి నాకు తెలిసిన దగ్గరి దారి ఇదొక్కటే. మిగతావన్నీ దీని తర్వాతే.

నేనెవరినంటే, బదిలీ మీద వచ్చే కుటుంబాలకు ఇల్లు వెతికిపెట్టడం, బడి చూపించడం, మొదటి ఏడాది వాళ్ళని కాస్త కనిపెట్టుకుని ఉండటం నా పని. పదిహేడేళ్ళుగా ఇదే చేస్తున్నాను. నేను కూడా ఐదు ఊళ్ళు మారాను. మొదటి రెండు ఊళ్ళలో సరిగ్గా మీరు చేసిందే చేశాను, అందుకే మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది.

రెండో ఊళ్ళో నా దగ్గర ఒక జాబితా ఉండేది. మ్యూజియం, కోట, చెరువు, పాత బజారు. ప్రతి వారాంతం ఒకటో రెండో చూసేసి టిక్కు పెట్టుకునేదాన్ని. ఆరు నెలలకి జాబితా అయిపోయింది. అక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి కూడా నేను దారి చెప్పగలిగేంత తిరిగాను. ఒకరోజు జ్వరం వచ్చి మంచం మీద పడ్డాను. మందులు తెచ్చిపెట్టమని ఎవరిని అడగాలా అని ఫోన్‌లో పేర్లు చూసుకుంటే, ఆ ఊరివాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఊరు నాకు బాగా తెలుసు. ఊరికి మాత్రం నేను తెలియదు. పర్యాటకులు చేసే పనే ఆరు నెలలు చేశాను, ఫలితం కూడా పర్యాటకులకి దక్కేదే దక్కింది.

ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం ఎందుకు పనిచేస్తుందంటే, మనుషులకి తరచూ కనబడే మొహం మీద తెలియకుండానే ఇష్టం పుడుతుంది. 1992లో మోర్లాండ్, బీచ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో దీన్ని చక్కగా పరీక్షించారు. చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు యువతులను ఒక తరగతికి పంపారు. ఒకామె ఒక్క క్లాసుకీ వెళ్ళలేదు, ఒకామె 5, ఇంకొకామె 10, నాలుగో ఆమె 15 క్లాసులకి వెళ్ళారు. ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు. వచ్చి కూర్చుని, వెళ్ళిపోయారు. కోర్సు అయ్యాక ఆ నలుగురి ఫోటోలూ విద్యార్థులకి చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చిన ఆమే ఎక్కువ నచ్చింది. వీళ్ళని ముందు చూశామన్న సంగతి కూడా చాలామందికి సరిగ్గా గుర్తులేదు. నోరు తెరవకుండానే ఇంత జరుగుతుంటే, రోజూ చిన్న నవ్వు, తలూపడం కలిస్తే ఇంకెంత జరుగుతుందో చూసుకోండి. కొత్తవాళ్ళతో మాట కలపడం నాకు చేతకాదు అనేవాళ్ళకి ఈ సంగతి చెప్తే మొహంలో రిలీఫ్ కనిపిస్తుంది.

అయితే చోటు ఎంచుకోవడంలో కొన్ని మెలికలున్నాయి. పెద్ద మాల్ పనికిరాదు, అక్కడ నెల రోజులు వెళ్ళినా నిన్నటి మనిషి ఈరోజు కనబడడు. నడిచి వెళ్ళగలిగేంత దగ్గర ఉండాలి, లేకపోతే మూడోవారం నుంచి బద్ధకిస్తారు. చిన్న పార్కు, వీధి చివర కొట్టు, లైబ్రరీలో ఒక మూల, యోగా క్లాసు లాంటివి బాగుంటాయి. చోటు కంటే వేళ ముఖ్యం. ఒకాయన జిమ్‌లో చేరి మూడు నెలలైనా ఒక్కరూ పలకరించలేదని నాతో వాపోయారు. ఏ టైముకి వెళ్తారండీ అంటే, వీలు దొరికినప్పుడల్లా అన్నారు. ఒకరోజు పొద్దున, ఒకరోజు రాత్రి. పొద్దున ఆరింటి బ్యాచ్‌కి ఆయన కొత్త, రాత్రి తొమ్మిదింటి బ్యాచ్‌కీ కొత్తే. ఎన్నాళ్ళు వెళ్ళినా అలాగే ఉంటుంది. పొద్దున ఆరింటికే కట్టుబడమన్నాను. ఐదో వారంలో ఫోన్ చేసి, నిన్న రాలేదేం అని ఎవరో అడిగారు మేడమ్ అన్నారు. అంత పెద్దాయన చిన్నపిల్లాడిలా చెప్పుకుని మురిసిపోయారు.

రోజుల లెక్క అడిగేవాళ్ళకి నా దగ్గరున్నది ఇదీ: ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందని లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 2010లో ప్రచురించిన అధ్యయనంలో చూశారు. మధ్యస్థంగా 66 రోజులు తేలింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క వచ్చింది. కాబట్టి రెండు నెలలు పట్టుబట్టి వెళ్ళండి. మూడో వారంలో, ఎందుకొచ్చిన గోల, ఇంట్లో కూర్చుంటే పోలా అనిపిస్తుంది. అందరికీ అనిపిస్తుంది. వెళ్ళండి.

ఇక స్నేహితుల సంగతి. మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ కదిలించిన మాట, నాలుగు నెలలైనా ఒక్క ఫ్రెండ్ లేదు, నాలోనే ఏదో లోపముందేమో అన్నది. లోపం కాదండీ, గంటలు చాలలేదు. జెఫ్రీ హాల్ అనే అమెరికన్ పరిశోధకుడు 2018లో సరిగ్గా మీలాంటివాళ్ళనే, గత ఆరు నెలల్లో కొత్త చోటికి మారినవాళ్ళని అడిగి లెక్క తీశారు. పరిచయస్తులు మామూలు స్నేహితులు కావడానికి ఇంచుమించు 50 గంటలు కలిసి గడపాలి. స్నేహితులు అని గట్టిగా చెప్పుకోవడానికి 90 గంటలు. ప్రాణస్నేహం అనేదానికి 200 గంటల పైమాటే. పైగా ఆఫీసులో పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలకి ఇందులో విలువ తక్కువ.

ఇప్పుడు మీరే లెక్క వేసుకోండి. వారానికి రెండు గంటలు కలిసే మనిషితో 50 గంటలు పూర్తవడానికి 25 వారాలు, అంటే ఆరు నెలలు. మీరు వచ్చిందే నాలుగు నెలల క్రితం. అందులో మొదటి నెల పెట్టెలు విప్పుకోవడంతోనే పోయింది కదా. పాత ఊళ్ళో ఉన్న స్నేహాలన్నీ ఇలా గంటలు పోసి పెంచినవే. కాలేజీలో, హాస్టల్లో రోజుకి పది గంటలు కలిసి ఉండేవాళ్ళం కాబట్టి లెక్క తెలియలేదంతే.

అందుకని మొదటి ఏడాది స్నేహితుల కోసం వెతకొద్దు, ముఖపరిచయాలు పెంచుకోండి. పేరు తెలియకపోయినా పర్వాలేదు. వాచ్‌మన్, కొట్టతను, పార్కులో రోజూ కుక్కని తిప్పే ఆమె, లిఫ్టులో కనబడే పెద్దాయన. ఇలాంటి పైపై పరిచయస్తులతో మామూలు కంటే ఎక్కువసార్లు మాట కలిసిన రోజున మనుషులు మరింత సంతోషంగా ఉంటారని శాండ్‌స్ట్రామ్, డన్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో చూపించారు. నా అనుభవం కూడా అదే. కొత్త ఊళ్ళో ప్రాణస్నేహితులు లేని లోటు కంటే, వీధిలో నడుస్తుంటే పలకరించే మొహం లేకపోవడమే మనిషిని ఎక్కువ కుంగదీస్తుంది. పాత ఊళ్ళో మనకి అలాంటి మొహాలు యాభై ఉంటాయి, వాటిని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం. ఊరు వదిలేటప్పుడు స్నేహితులకి వీడ్కోలు చెప్తాం, ఈ యాభైమందికీ చెప్పం. తర్వాత వెలితిగా ఉంటుంది, అది ఎక్కడి వెలితో మనకే అంతుపట్టదు.

ఇందులో ఇల్లు ఉన్న తీరుకీ పాత్ర ఉంది. ఇది చాలామంది నమ్మరు. ఫెస్టింగర్ అనే మనస్తత్వ పరిశోధకుడు, ఆయన సహచరులు 1950లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయపు విద్యార్థి కుటుంబాల ఇళ్ళ సముదాయంలో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో చూశారు. పక్క గుమ్మం వాళ్ళనే 41 శాతం మంది స్నేహితులుగా చెప్పారు. నడవాకి ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్ళ మధ్య అది 10 శాతమే. మెట్ల దగ్గర ఉన్న ఇంటివాళ్ళకి పై అంతస్తులో కూడా స్నేహితులు ఎక్కువ. వాళ్ళు ప్రత్యేకంగా కలుపుగోలు మనుషులని కాదు, దారిలో ఉన్నారు, అంతే. అందుకే ఇల్లు వెతికేటప్పుడు, ఎవరూ కదిలించని ప్రశాంతమైన మూల ఫ్లాటు కావాలనేవాళ్ళకి ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమని నేను చెప్తాను. మీకిప్పుడు ఇల్లు మారమని చెప్పను. దారిలో పడటం మాత్రం మీ చేతిలో ఉన్న పనే. పార్సిల్ పైకి పంపమనకుండా కిందకి వెళ్ళి తెచ్చుకోండి. ఒక అంతస్తే అయితే లిఫ్టు కోసం ఆగకండి. ల్యాప్‌టాప్ ముందు నుంచి లేచి సాయంత్రం ఒక గంట, నలుగురూ వచ్చిపోయే చోట కూర్చోండి.

ఆదివారం మధ్యాహ్నం. ఇది మీ ఒక్కరి సమస్య కాదు. నాకొచ్చే ఫోన్లలో సగం ఆదివారం మూడింటికీ ఐదింటికీ మధ్యే వస్తాయి. మిగతా రోజుల్ని పని నడిపిస్తుంది. పాత ఊళ్ళో ఆదివారాన్ని మనుషులు నడిపించేవాళ్ళు. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు, లేదా మీరే ఎవరింటికో వెళ్ళేవాళ్ళు. అది ఎవరూ ప్లాన్ చేసింది కాదు, దానంతటదే నిండేది. ఇక్కడ దానంతటది నిండదు, మీరే నింపాలి. సినిమాతోనో షాపింగ్‌తోనో నింపితే బయటికొచ్చాక మళ్ళీ అదే ఖాళీ. మీరు రాకపోతే ఎవరో ఒకరు అడిగే పనిని ఆ వేళలో పెట్టుకోండి. పిల్లలకి చదువు చెప్పడం, పాటల బృందం, జంతువుల షెల్టర్‌లో సాయం, వారానికోసారి ఆడే ఆట, ఏదైనా సరే. నా నాలుగో ఊళ్ళో నేను ఆదివారాలు ఒక చిన్న గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడానికి వెళ్ళేదాన్ని. పుస్తకాల మీద ప్రేమతో కాదు, నిజం చెప్పాలంటే ఆదివారం మీద భయంతో.

ఇప్పుడు మీ ఆయన దగ్గరికి వద్దాం. ఆయనకి ఊరు తొందరగా అలవాటైంది, మీకు కాలేదు అనుకుంటున్నారు. నేననుకోవడం, ఆయనకీ ఊరు అలవాటు కాలేదు. ఆయనకి ఆఫీసు అలవాటైంది. రోజుకి ఎనిమిది గంటలు మనుషులు, పేర్లు, పని చెప్పేవాళ్ళు, జోకులు వేసేవాళ్ళు రెడీమేడ్‌గా దొరికారు. మీకు అదే ఎనిమిది గంటలు గోడ ఎదురుగా గడుస్తోంది, స్క్రీన్ మీద కనబడేదంతా పాత ఊరి మనుషులే. ఒకే ఇంట్లో ఉన్నా మీరిద్దరూ వేర్వేరు ఊళ్ళకి మారినట్టు లెక్క. నేను చూసిన కుటుంబాల్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఒకరు బాగానే ఉందిగా అంటారు, ఇంకొకరికి ఆ మాటే ముల్లులా గుచ్చుకుంటుంది. ఆయనతో ఈ లెక్క ప్రశాంతంగా చెప్పండి. వారంలో ఒకటి రెండు రోజులైనా బయట ఎక్కడైనా, ఇతరులు కూడా కూర్చుని పనిచేసుకునే చోట పనిచేయడానికి వీలుంటే చూడండి. ఖర్చే అనుకోండి, దీనికి పెట్టిన ఖర్చు దండగ కాదు.

ఫోన్ విషయంలో మీకు నచ్చని మాట చెప్తాను. రోజూ రాత్రి రెండు గంటలు పాత స్నేహితులతో వీడియో కాల్ అని రాశారు. మానేయమనను. అది మీకు ఊపిరి. కానీ సాయంత్రం వేళ, అంటే వీధిలో మనుషులు తిరిగే వేళ మీరు ఫోన్‌లో ఉంటే ఒళ్ళు ఇక్కడా మనసు అక్కడా అవుతుంది. కాల్‌ని రాత్రి పొద్దుపోయాక పెట్టుకోండి, లేదా వారానికి మూడు రోజులు చేయండి. గ్రూప్ చాట్‌లో వాళ్ళంతా కలిసి దిగిన ఫోటో వచ్చిన రోజు మాత్రం ఏం చేసినా ఏడుపొస్తుంది. ఆ రోజుకి మందు లేదు.

ఇల్లు గురించి ఎక్కువ చెప్పను. విప్పని అట్టపెట్టె ఒక్కటి కూడా ఉండకూడదు. నాలుగో నెలలో కూడా అలమారా పైన మూడు పెట్టెలు టేపుతో అలాగే ఉంటే, ఇంకా ప్రయాణంలోనే ఉన్నామని రోజూ కళ్ళకి చెప్తున్నట్టే. వాటిల్లో ఉన్నది అవసరమైతే బయటపెట్టండి, లేకపోతే ఎవరికైనా ఇచ్చేయండి. మీరు నిద్ర సంగతి కూడా అడిగారు కాబట్టి చెప్తున్నాను: కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక పక్క రెండో పక్కంత గాఢంగా నిద్రపోదని, కాపలా కాస్తున్నట్టు ఉంటుందని 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కనుక్కున్నారు. అది మామూలుగా మొదటి రాత్రితో తగ్గిపోయేది. నాలుగు నెలలైనా నిద్ర పట్టడం లేదంటే దాన్ని కొత్త చోటు మీదకి తోసేయొద్దు. డాక్టర్‌ని కలవండి, వాయిదా వేయొద్దు.

అక్కడి భాష కూడా మీకు కొత్తే అన్నారు. క్లాసులో చేరి వ్యాకరణం మొదలుపెట్టేముందు మూడే నేర్చుకోండి: పలకరింపు, అంకెలు, "నేను ఇక్కడికి కొత్త, కాస్త నెమ్మదిగా చెప్పండి" అనే వాక్యం. ఈ మూడో వాక్యం ఎంత పనిచేస్తుందో చెప్పలేను. తప్పుల్లేకుండా వచ్చాక మాట్లాడదామని ఆగినవాళ్ళు ఎప్పటికీ మాట్లాడరు. తప్పులతో మాట్లాడేవాళ్ళని జనం దిద్దుతారు, దిద్దిన మనిషికి మన మీద కొంచెం సొంతదనం వస్తుంది.

మీలాగే ఇది చదివేవాళ్ళలో పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు ఉంటే ఒక్క మాట. అందరికంటే ఎక్కువ నలిగేది వాళ్ళే, అందరికంటే తక్కువ చెప్పేదీ వాళ్ళే. కారులో ఊరంతా తిప్పి చూపించడం కంటే, రోజూ ఒకే వేళకి ఒకే బెంచీ దగ్గర దింపి, గంట తర్వాత తీసుకురండి. టీనేజీ పిల్లలకి పాత స్నేహితులతో ఆన్‌లైన్ మాటలు ఒక్కసారిగా కట్ చేయకండి. బడి తెరవకముందే ఇంటి నుంచి బడిదాకా రెండు మూడుసార్లు నడిపించండి. చిన్నపిల్లలు సాధారణంగా మనకంటే ముందే సర్దుకుంటారు.

మళ్ళీ కుంగుబాటు రావచ్చు, దానికి సిద్ధంగా ఉండండి. 1955లో నార్వేకి చెందిన సోషియాలజిస్టు లిస్‌గార్డ్, అమెరికాలో ఉండి వచ్చిన 200 మంది నార్వే వాళ్ళతో మాట్లాడి ఒక సంగతి రాశారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళూ, పద్దెనిమిది నెలలు దాటి ఉన్నవాళ్ళూ బాగా సర్దుకున్నట్టు కనిపించారు. ఆ మధ్యలో ఉన్నవాళ్ళే ఇబ్బందిపడ్డారు. ఇంగ్లీషు యు అక్షరంలా దిగి మళ్ళీ ఎక్కే గీత అన్నమాట. తర్వాత వచ్చిన పరిశోధనలు ఇది అందరికీ వర్తించదని తేల్చాయి. చాలామందికి మొదటి రోజుల్లోనే అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. నేను చూసినవాళ్ళలో రెండు రకాలూ ఉన్నారు. ఏ రకమైనా, ఏడాది లోపల ఒక మంచి నెల చూసి గెలిచేశామనీ, ఒక చెడ్డ నెల చూసి ఓడిపోయామనీ అనుకోవద్దు.

మరి తిరిగి వెళ్ళిపోవాల్సిన సందర్భాలు లేవా? ఉన్నాయి. పదిహేడేళ్ళలో వెళ్ళిపోండని నేనే చెప్పిన కుటుంబాలు నాలుగున్నాయి. ఒకచోట పెద్దాయన ఆరోగ్యానికి అక్కడి వాతావరణం పడలేదు. ఒకచోట భార్య తన వృత్తి పూర్తిగా వదులుకోవాల్సి వచ్చింది, ఏడాదిన్నర చూసినా దారి దొరకలేదు. మిగతా రెండు కుటుంబాల్లో రావడమే ఒకరి బలవంతం మీద జరిగింది, ఊరు అందుకు సాకు మాత్రమే. ఈ నలుగురిలో ఎవరూ ఓడిపోయి వెళ్ళినట్టు నాకు అనిపించలేదు. మీ విషయంలో నేను చూసేది ఇవే: పన్నెండు నెలలు గడిచాయా, అందులో కనీసం రెండు నెలలు పైన చెప్పినట్టు ఒకే చోటికి వెళ్ళి చూశారా, అప్పటికీ వారంలో ఒక్క రోజు కూడా తేలిగ్గా లేదా. మూడింటికీ అవుననే జవాబైతే అప్పుడు మాట్లాడదాం. అయితే, తిండి సహించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, బతకాలనిపించకపోవడం లాంటివి ఉంటే మాత్రం పన్నెండు నెలలు ఆగాల్సిన పనిలేదు, అది ఊరి సమస్య కాదు. వెంటనే ఒక మానసిక వైద్యుల్ని కలవండి.

పాత ఊరికి ఎప్పుడు వెళ్ళిరావాలని చివర్లో అడిగారు. వచ్చే నెల నాలుగు రోజులు వెళ్తానన్నారు. వెళ్ళిరండి, కానీ రెండు పనులు చేయండి. వెళ్ళేముందే తిరుగు టికెట్టు కొనుక్కోండి. వెళ్ళేలోపు కనీసం మూడు వారాలు మీ చోటికి, మీ వేళకి వెళ్ళి ఉండండి. నేను మూడో ఊళ్ళో ఉండగా అలా వెళ్ళొచ్చిన మర్నాడు కొట్టు ముందు నుంచి నడుస్తుంటే, కొట్టతను లోపల్నుంచి తల బయటపెట్టి "ఊళ్ళో లేరా?" అన్నాడు. ఆ "ఊళ్ళో" అంటే ఈ ఊళ్ళో అని ఇంటికొచ్చేదాకా నాకు తట్టలేదు.

మీ ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఏమేం ఉన్నాయో, మీ పని వేళలేమిటో ఇక్కడే రాయండి. ఏ చోటు, ఏ వేళ అనేది కలిసి తేల్చుకుందాం.